ఎదురు చెప్పడం వేరు, ఎదుట చెప్పడం వేరు

(గత ఆదివారం ఉదయం నల్లకుంటలో, మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, చాలా ఏళ్ళు బాలవాడి నడిపిన ఒక టీచరమ్మ చిన్న పిల్లలున్న ఇళ్ళవాళ్ళతో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. పిల్లల్ని ఆ చాప మీద వదిలేయండి, ఆడుకోనివ్వండి. గోల చేస్తారేమోనని టెన్షన్ పడకండి. 27 ఏళ్ళు నేను ఆ గోల మధ్యలోనే మాట్లాడాను.

ఇందాక లిఫ్టులో వస్తుంటే ఒక బాబు, నాలుగేళ్ళుంటాయేమో, వాళ్ళ అమ్మమ్మతో ఉన్నాడు. ఆవిడ "టీచరమ్మకు నమస్తే పెట్టు నాన్నా" అన్నారు. వాడు పెట్టలేదు. ఆవిడ కొంగు వెనక్కి వెళ్ళిపోయాడు. "పెట్టు, ఏమనుకుంటారు?" అని మళ్ళీ అడిగితే "నక్కో" అన్నాడు, మన హైదరాబాదు మాటలో వద్దు అని. ఆవిడ మొహం చిన్నబోయింది. "ఎంత చెప్పినా వీడికి పెద్దా చిన్నా లేదండీ" అన్నారు నాతో. ఆవిడ ఇక్కడే కూర్చున్నారు, ఆవిడని అడిగే చెప్తున్నాను. ఈ రోజు నేను మీతో మాట్లాడదామనుకున్నదంతా ఆ ఒక్క "నక్కో"లో ఉంది.

చూడండి, ఆ పిల్లవాడికి ఏమైంది? ఎవరో తెలియని మనిషి వచ్చింది, లిఫ్టు తలుపు మూసుకుంది, అందరూ తననే చూస్తున్నారు. భయం వేసింది. ఆ భయాన్ని చెప్పుకోడానికి వాడి దగ్గర ఉన్నది ఒకే ఒక్క మాట. మన దగ్గర ఎన్ని ఉన్నాయి? "ఇప్పుడు వీలు కాదండీ", "తర్వాత చూద్దాం లెండి", "ఏమీ అనుకోకండి, ఈసారికి వదిలేయండి". కాదనడానికి మనకు ఇన్ని మాటలున్నాయి. వాడికి ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ బయటికి తీస్తే మనం దానికి పొగరు అని పేరు పెడతాం. మిగతా మాటలు వాడికి ఎవరు ఇవ్వాలి? మనమే కదా ఇవ్వాలి? ఇచ్చామా?

మన ఇళ్ళల్లో "ఎదురు చెప్పడం" అనే మాట ఉంది. పిల్లలు పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు. నేనూ ఆ మాట వింటూనే పెరిగాను, మీరూ అంతే. ఆ మాటను నేను తీసిపారేయడం లేదు. కానీ ఎదురు చెప్పడం వేరు, ఎదుట చెప్పడం వేరు. ఎదురు చెప్పడం అంటే ముందున్న మనిషిని మాటతో తోసేయడం. ఎదుట చెప్పడం అంటే మన మనసులో ఉన్నది ఆ మనిషి ముందే నిలబడి, ఆ మనిషిని చిన్నబుచ్చకుండా చెప్పడం. పిల్లల్ని ఎదుట చెప్పనివ్వకపోతే ఏమవుతుంది? చాటున చెప్తారు. చాటున చేస్తారు. ఇది నేను పుస్తకంలో చదివి అంటున్న మాట కాదు, నా చేతుల మీదుగా జరిగింది. చెప్తాను.

మా బాలవాడిలో మొదట్లో ఒక రూలు పెట్టాను. టిఫిన్ డబ్బా పూర్తిగా తినాలి, ఏమీ మిగల్చకూడదు. అన్నం పారేయకూడదని పిల్లలకు తెలియాలి కదా, అందుకు. ఒక పాప ఉండేది, ఐదేళ్ళు. రోజూ ఖాళీ డబ్బా తెచ్చి చూపించేది. నేను రోజూ అందరి ముందు "మంచి పాప" అని మెచ్చుకునేదాన్ని. ఒకరోజు ఆయమ్మ బీరువా జరిపి ఊడుస్తుంటే వెనకాల కుప్ప కనిపించింది. ఎండిపోయిన ఉప్మా, బూజు పట్టిన చపాతీ ముక్కలు, పురుగులు. ఎన్ని రోజులవో. నేను ఆ పాపను పక్కకి పిలిచి అడిగాను, "ఎక్కువైందని నాతో చెప్పొచ్చు కదమ్మా" అని. ఆ పాప తల దించుకుని, "చెప్తే ఎదురు చెప్పినట్టు కదా టీచర్" అంది.

ఆ రోజు నేను ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను. ఆ పాపకు అబద్ధం నేర్పింది ఎవరు? నేను. నా రూలు తప్పు కాదు. దాని పక్కన, "కుదరకపోతే ఇలా చెప్పు" అనే ఒక దారి నేను పెట్టలేదు. తెల్లారి వెళ్ళి పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక వాక్యం నేర్పాను. "టీచర్, నాకు కడుపు నిండింది, మిగిలింది మూత పెట్టుకుంటాను." అంతే. వారం రోజులు ఆటలాగా అందరితో అనిపించాను. ఆ తర్వాత బీరువా వెనక ఏమీ దొరకలేదు.

తాతగారు చెయ్యెత్తారు. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి సార్, తప్పకుండా వింటాను.

సరే, రూల్స్ సంగతికి వద్దాం. మీ ఇంట్లో పిల్లలకు ఎన్ని రూల్స్ ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఒక ఇంటికి వెళ్ళాను, ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంది. ఇరవై రెండు రూల్స్. ఒక్కటి తప్ప అన్నీ "చేయకూడదు", "ముట్టకూడదు", "వెళ్ళకూడదు". ఆ పాపకు మూడున్నరేళ్ళు, చదవడం రాదు. ఆ కాగితం ఎవరి కోసం అంటించినట్టు?

చిన్నపిల్లలకు నాలుగో ఐదో చాలు. అవి కూడా ఏం చేయాలో చెప్పేవిగా ఉండాలి. మన తెలుగులో ఒక సంగతి గమనించండి. "పరిగెత్తకు" అన్నాం అనుకోండి. వద్దనే భాగం ఎక్కడుంది? చిట్టచివర, ఆ "కు"లో ఉంది. ముందంతా పరుగే ఉంది. ఆ చివరి అక్షరం చెవిన పడేలోపు పిల్లవాడి కాళ్ళు బయల్దేరిపోతాయి. "నడిచి రా" అనండి. "అరవకు" బదులు "మెల్లగా చెప్పు, వింటున్నాను" అనండి. నేను వందల మంది పిల్లల దగ్గర చూశాను, ఈ చిన్న మార్పుకే సగం గొడవ తగ్గిపోతుంది.

ఇంకొకటి. మన భాషలో "మనం" అనే మాట ఉంది, "మేము" అనే మాట వేరే ఉంది. అన్ని భాషలకూ ఈ తేడా లేదు. మేము అంటే ఎదుటివాడు బయట ఉంటాడు. మనం అంటే ఎదుటివాడు కూడా లోపలే ఉంటాడు. "మనం ఇంట్లోకి రాగానే చెప్పులు స్టాండులో పెడతాం." ఈ వాక్యంలో పిల్లవాడూ ఉన్నాడు, నాన్నా ఉన్నాడు, తాతయ్యా ఉన్నాడు. ఇంటి రూలు "మనం" అని మొదలవ్వాలి. మరి "మనం" అన్నాక నాన్న షూస్ హాల్లో సోఫా కింద దొరికితే? పిల్లవాడు "నాన్నా, నీ షూస్" అంటాడు. అప్పుడు నాన్న ఏమనాలి? "నాకే చెప్తావా" అనాలా? "అవును నాన్నా, మర్చిపోయాను" అని లేచి పెట్టాలి. ఆ ఒక్క లేవడంతో వాడికి అర్థమైనంత, ఫ్రిజ్ మీద వంద కాగితాలు అంటించినా అర్థం కాదు.

1961లో అమెరికాలో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీలో, ఆల్బర్ట్ బండూరా అనే ఆయన చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన పెద్ద బొమ్మ ఒకటి పెట్టి, కొంతమంది పిల్లల ముందు ఒక పెద్ద మనిషి దాన్ని కొట్టి, తిట్టి చూపించారు. తర్వాత ఆ పిల్లల్ని అలాంటి బొమ్మ దగ్గర వదిలితే చాలామంది అచ్చం అలాగే కొట్టారు, కొందరు అవే మాటలు అన్నారు. ఎవరూ వాళ్ళకి కొట్టమని చెప్పలేదు. చూశారు, చేశారు. భోజనం దగ్గర ఫోన్ వద్దని మనం చెప్తూ, ఎడమ చేత్తో వాట్సాప్ చూస్తూ తింటుంటే వాళ్ళు ఏది నేర్చుకుంటారు?

అయితే అన్ని రూల్సూ ఒకటే బరువు కాదు. ఇది మీరు పిల్లలకు ముందే చెప్పాలి. కొన్ని రూల్స్‌కి బేరం లేదు. సంక్రాంతికి మన హైదరాబాదులో ఏ డాబా చూసినా పిల్లలే, పతంగులే. తల పైకెత్తి, వెనక్కి వెనక్కి నడుస్తూ పోతారు. అక్కడ "పిట్టగోడ దగ్గరికి రాకూడదు" అనేది చర్చించే విషయం కాదు. గ్యాస్ పొయ్యి, రోడ్డు, ఒకరి మీద చెయ్యెత్తడం, ఇవి కూడా అంతే. పిల్లవాడు ఏడ్చినా, దొర్లినా మారవు. కానీ ఏ చొక్కా వేసుకోవాలి, ముందు హోంవర్కా ముందు ఆటా, కార్టూన్ ఇంకో పది నిమిషాలు చూడొచ్చా? ఇవి మాట్లాడుకునేవి. మన చిక్కెక్కడంటే, చొక్కా దగ్గర కూడా పిట్టగోడ దగ్గర పెట్టినంత గొంతు పెడతాం. అప్పుడు వాడికి ఏది ప్రమాదమో ఏది కాదో తేడా తెలియదు. అన్నిటికీ అమ్మ అరుస్తుంది, అంతే అనుకుంటాడు.

జాన్ పియాజే అని స్విట్జర్లాండ్‌లో పెద్ద మానసిక శాస్త్రవేత్త. 1932లో అచ్చయిన ఆయన పరిశోధనలో ఒక భాగం గోలీలాట గురించి. ఆయన పిల్లలతో పాటు నేల మీద కూర్చుని గోలీలాడుతూ అడిగాడట, "ఈ రూల్స్ ఎవరు పెట్టారు? మార్చొచ్చా?" అని. చిన్నవాళ్ళేమో "పెద్దవాళ్ళు పెట్టారు, దేవుడు పెట్టాడు, మార్చకూడదు" అన్నారు. విచిత్రం ఏమిటంటే ఆ చిన్నవాళ్ళే ఆటలో ఆ రూల్స్ సరిగ్గా పాటించరు. పది పన్నెండేళ్ళ వాళ్ళు, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అన్నారు, రూలుని గట్టిగా పాటించిందీ వాళ్ళే. మన బస్తీల్లో గోలీలాడినవాళ్ళకి ఇది తెలిసిన విషయమే. తాను కూర్చుని ఒప్పుకున్న రూలు మీద మనిషికి పట్టు ఉంటుంది. ఆ కూర్చోవడం నాలుగేళ్ళకే మొదలుపెట్టొచ్చు, చిన్నగా, చొక్కా దగ్గర, కార్టూన్ దగ్గర.

ఇక ఒక పని మాత్రం దయచేసి చేయకండి. రూలు పాటించడం లేదని బెదిరించడం. "పోలీసుకి పట్టిస్తా", "బూచోడికి ఇచ్చేస్తా". తేలిగ్గా అనేస్తాం, అన్నం తినిపించడానికి కూడా అంటాం. ఆలోచించండి. నాంపల్లిలో నుమాయిష్‌కి, అదే ఎగ్జిబిషన్‌కి, మీరంతా వెళ్తారు. 1938లో మొదలైంది అది, మన ఊరికి జనవరి అంటే నుమాయిష్. ఆ జనంలో మీ పాప చెయ్యి జారిపోయింది అనుకోండి. ఆ పాప ఎవరి దగ్గరికి వెళ్ళాలి? అక్కడ యూనిఫాంలో నిలబడ్డ కానిస్టేబుల్ దగ్గరికే కదా? మీరు రోజూ చూపించిన బూచి ఆ కానిస్టేబులే. పాప ఆయన్ని చూసి ఇంకా దూరం పరిగెడుతుంది. నేను ఈ మాట అనగానే ఒకావిడ కళ్ళు తుడుచుకుంటున్నారు. అమ్మా, మీ ఒక్కరిదే కాదు, ఇది ప్రతి ఇంట్లో ఉంది. ఈ రోజు నుంచి మానేద్దాం.

కొట్టడం గురించి ఎక్కువ చెప్పను. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అందులో 17వ సెక్షన్ స్కూల్లో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. స్కూల్లో టీచర్ చేయకూడనిది ఇంట్లో మనం ఎందుకు చేయాలి?

ఇప్పుడు గౌరవం సంగతి. ఇక్కడ నాకు చాలా చెప్పాలని ఉంది.

చాలామంది నన్ను అడుగుతారు, "మా వాడు నానమ్మని నువ్వు అంటాడండీ, మీరు అనడం ఎలా నేర్పాలి?" అని. మన తెలంగాణలో ఎన్నో ఇళ్ళల్లో అమ్మనీ నాయననీ తాతనీ నువ్వు అనే పిలుస్తారు. అందులో ప్రేమ ఉంది, అగౌరవం లేదు. ఇంకొన్ని ఇళ్ళల్లో మీరు అంటారు, చివర అండీ పెడతారు. అదీ బాగుంటుంది. పక్కింట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు వాళ్ళ అమ్మీని ఆప్ అంటారు. మీ ఇంటి పద్ధతి ఏదైతే అది నేర్పండి. కానీ గౌరవం అక్కడితో అయిపోదు. "మీరు నోర్ముయ్యండి" అంటే అండీ ఉంది కదా అని గౌరవం అవుతుందా? "నానమ్మా, నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు, కానీ వింటాను" అంటే నువ్వు ఉంది కదా అని తప్పవుతుందా?

మనసులో ఉన్నది చెప్పుకోడానికి తెలుగు చాలా మంచి భాష. మనం "నేను కోపం" అనం. "నాకు కోపం వచ్చింది" అంటాం. భయం వేసింది, ఏడుపు వచ్చింది, సిగ్గేసింది. అవి మన దగ్గరికి వస్తాయి. వచ్చింది కాబట్టి పోతుంది కూడా. పిల్లలకు నేను ఇలాగే చెప్పేదాన్ని. "నీకు కోపం వచ్చింది కదా, ఎక్కడికొచ్చింది, చూపించు" అని అడిగేదాన్ని. ఒకడు పిడికిలి చూపించేవాడు, ఒకతి గొంతు చూపించేది, ఇంకొకడు పళ్ళు. "ఇంకా ఉందా? కొంచెం తగ్గిందా?" అని అడిగితే వాళ్ళే ఆగి చూసుకునేవాళ్ళు. ఆ చూసుకోవడంలోనే సగం తగ్గేది. మనం ఏం చేస్తాం? "కోపిష్టివాడు", "మొండిది" అని పేరు పెట్టేస్తాం. వచ్చిపోయే దాన్ని పట్టుకుని వాడికే అతికించేస్తాం.

అందుకని పిల్లలకు వాక్యాలు ఇవ్వండి. పాఠంలాగా కాదు, స్నానం చేయిస్తూ, జడ వేస్తూ, స్కూల్ వ్యాన్ కోసం నిలబడ్డప్పుడు. "నాకు కోపం వచ్చింది, కాసేపు మాట్లాడను." "నాకు ఇది ఇష్టం లేదు, వేరేది ఇస్తావా?" "నా మాట ఇంకా అవ్వలేదు." "ఇప్పుడు వద్దు, భోజనం అయ్యాక చేస్తాను." బొమ్మలతో ఆడుతూ మీరు బొమ్మ అవ్వండి, వాడు అమ్మ అవుతాడు. వాడు అమ్మగా ఏం మాట్లాడతాడో వినండి. మీ గొంతే వినిపిస్తుంది. అప్పుడు ఏది మార్చుకోవాలో మీకే తెలుస్తుంది.

వాడు అరుస్తూ చెప్పాడు అనుకోండి? "ఈ మాటే మెల్లగా మళ్ళీ చెప్పు, అప్పుడు వింటాను" అనండి. మెల్లగా చెప్పినప్పుడు మాత్రం తప్పకుండా వినాలి. ఇక్కడే మనం మోసం చేస్తాం. అరిచినప్పుడు భయపడి చాక్లెట్ ఇచ్చేస్తాం, మెల్లగా అడిగినప్పుడు ఫోన్‌లో ఉండి పట్టించుకోం. ఇంక వాడు ఏది ఎంచుకుంటాడు? మీరైతే ఏది ఎంచుకుంటారు?

వినడం అంటే ఇచ్చేయడమా అని ఒక నాన్నగారు ఫోన్ చేసి అడిగారు. కాదండీ. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది, మన దేశం 1992లో ఒప్పుకుంది. అందులో 12వ ఆర్టికల్ పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ అభిప్రాయం చెప్పుకోనివ్వాలి, వాళ్ళ వయసునీ పరిణతినీ బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలి అంటుంది. అడిగిందల్లా ఇచ్చేయమని ఎక్కడా లేదు. "నీ మాట విన్నాను. నీకు ఇంకా ఆడుకోవాలని ఉంది. కానీ తొమ్మిదైంది, మనం పడుకుంటాం." మాట విన్నారు, రూలు నిలబెట్టారు. వాడు ఏడుస్తాడు. ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి.

ఇంకో మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, కానీ చెప్పాలి. "పెద్దవాళ్ళు ఏం చెప్తే అది చెయ్యాలి" అని మనం నేర్పుతాం. ఆ పెద్దవాళ్ళలో అందరూ మంచివాళ్ళేనా? పిల్లల మీద లైంగిక నేరాలకు ప్రత్యేకంగా పోక్సో చట్టం 2012లో ఎందుకు తేవాల్సి వచ్చింది? అలాంటివి చేసేవాళ్ళు చాలాసార్లు పిల్లలకు తెలిసినవాళ్ళే. "అంకుల్‌కి ముద్దు పెట్టు" అని మనం బలవంతం చేసినప్పుడు, నీ ఒళ్ళు నీది కాదు, పెద్దవాళ్ళది అని చెప్తున్నాం. ముద్దు ఇష్టం లేకపోతే నమస్తే పెట్టొచ్చు. అదీ కుదరకపోతే చిన్నగా నవ్వొచ్చు, చెయ్యి ఊపొచ్చు. వచ్చిన చుట్టం నొచ్చుకుంటే మనం సర్దిచెప్పుకోగలం. కానీ "వద్దు" అనడం ఇంట్లో అమ్మ ఎదుట సాధన చేయని పిల్ల, బయట అవసరం పడ్డప్పుడు ఎలా అంటుంది? జరగకూడనిది జరిగినా ఇంటికి వచ్చి ఎవరి ఎదుట చెప్తుంది? 1098 నంబరు అందరి ఫోన్లలో పెట్టుకోండి, పిల్లల హెల్ప్‌లైన్ అది.

లిఫ్టులో ఉన్న అమ్మమ్మగారూ, మీ బాబుకి పొగరు లేదండీ. రేపు లిఫ్టు ఎక్కే ముందే, ఇంట్లోనే వాడితో అనండి. "ఎవరైనా కనిపిస్తే మనం నమస్తే పెడతాం. నీకు భయం వేస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకో, నేను పెడతాను." మీరు పెట్టండి. వాడు చూస్తాడు. వారమో నెలో పడుతుంది. ఒకరోజు వాడే పెడతాడు, మీరు గమనించకపోయినా.

మనం పొరపాటు చేసినప్పుడు ఆ మాట వాళ్ళ ఎదుట చెప్పడం కూడా ఇందులోదే. ఆ టిఫిన్ పాపకు నేను తర్వాత రోజు అందరి ముందు చెప్పాను, "తప్పు నాదమ్మా, నేను నిన్ను అడగలేదు" అని. ఆ పాప ఏమీ అనలేదు. మధ్యాహ్నం పడుకునే టైములో వచ్చి నా చాప పక్కన తన చాప వేసుకుంది.

టీ వచ్చినట్టుంది, ఉస్మానియా బిస్కెట్ల వాసన వస్తోంది. పిల్లలకు ముందు ఇవ్వండి. తాతగారూ, మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఆగారు, మైకు మీకు ఇస్తున్నాను. నేను చెప్పినదాంట్లో మీకు నచ్చనిది ఉంటే అదే ముందు చెప్పండి సార్, వింటాను.